నేల విడిచిన దీపాలు

తాగొచ్చే మొగుడి గురించి ఏడిస్తే ఓదార్చడానికి వీధి వీధంతా కదిలొస్తుంది. వేళకి ఇంటికొచ్చి, చెప్పులు రెండూ కలిపి గోడకానించి, విడిచిన చొక్కా తనే మడతపెట్టుకునే మొగుడి గురించి ఏడవాలంటే ఎవరి గుమ్మం ఎక్కాలి? ఆ ఇంటి కోడలికి పెళ్ళయిన నాటి నుంచీ తెగని సమస్య అది. ఆమె భర్త తప్పు చేయడు. కర్మకాలి చేసినా, కాసేపు ఆగితే అది తప్పు కాకుండా పోతుంది.

ఆయన లిఫ్టుల ఇన్‌స్పెక్టరు. ఊళ్ళో మేడలన్నిటి లిఫ్టులూ ఆయన సంతకం చూసుకునే కదులుతాయి. తాడు లాగి చూస్తాడు, బ్రేకు పట్టి చూస్తాడు, మూసుకుంటున్న తలుపుల మధ్య చెయ్యి పెట్టి చూస్తాడు. ఎంత పైకెక్కిన లిఫ్టయినా క్షేమంగా కిందకి దిగి తీరాలన్నది ఆయన వృత్తిధర్మం. ఆ ధర్మం ఆయన మాటకి మాత్రం వర్తించదు. ఒకసారి ఎక్కిందంటే ఇక దిగదు. తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. నాలుగో కాలు మీరు చూపిస్తే, అయితే అది కుందేలు కాదంటాడు.

ఒకసారి ఆమెకి జ్వరమొస్తే వంటింట్లోకి ఆయన దిగాడు. పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది. "ఉప్పు డబ్బా మూత తీసి లేదు. దాన్నిబట్టి ఇంకా వెయ్యలేదని తేలింది. అప్పటికున్న సమాచారం ప్రకారం నేను చేసింది సరైనదే" అన్నాడు. ఆమె జ్వరంలోనే నవ్వుకుని మజ్జిగ తాగి పడుకుంది.

ఇంకో గుణం కూడా ఉంది. దేనికో తెలియని మీట కనిపిస్తే ఆయన ఊరుకోడు. దాని మీద నల్ల టేపు అంటిస్తాడు. పని తెలియని మీట ఎవరి వేలికీ అందకూడదని ఉద్యోగంలో పడిన అలవాటు. బట్టల మెషీను మీద రెండు టేపులు, ఫ్రిజ్‌లో ఒకటి. పాత వ్యాను మూలపడితే వాళ్ళమ్మ కోసం పొడుగాటి సెకండ్ హ్యాండ్ కారు కొన్న రోజునే దాని లోపల కూడా మూడు నాలుగు అతుకులు పడ్డాయి. "అమ్మ చెయ్యి పొరపాటున తగలకుండా" అన్నాడు. అమ్మ సరేనంది. ఆవిడకి కావలసినవి స్టీరింగూ, గేరూ, బ్రేకూ, వెనక సీటు మడిస్తే వచ్చే చోటూ.

ఆ చోటు తేనెటీగల కోసం.

అత్తగారిని కోడలు మెచ్చుకుంటోందంటే ఎక్కడో మతలబు ఉందనుకుంటారు కాబట్టి ఆ ఇంటి కోడలు ఆ సంగతి ఎవరికీ చెప్పదు. కానీ అత్తగారు ఈగల పెట్టె మూత తీస్తుంటే మాత్రం ఏ పని ఉన్నా వదిలేసి షెడ్డు గుమ్మంలో నిలబడేది. పొగడబ్బా రెండుసార్లు నొక్కి, మూత పక్కన పెట్టి, ఈగలు ముసిరిన చట్రాన్ని ఆవిడ పైకెత్తే తీరు చూస్తే నిద్రపోయే పసిపిల్ల తల కింద నుంచి చెయ్యి తీసుకుంటున్న తల్లి గుర్తొచ్చేది. చేతులకి తొడుగులుండవు. తొందరుండదు. అరవై దాటిన మనిషి, నిండు పెట్టెని నడుముకానించి ఎత్తి, గోనెసంచి పరిచిన కారు అడుగున గాజుసామాను దించినట్టు దించేది. కొడుకు చదువు ఆ పెట్టెల్లోంచే వచ్చింది. ఇంటి గోడలూ అందులోంచే లేచాయి.

అప్పుడప్పుడూ కుట్టేవి కూడా. కుట్టిన చోట గోటితో ముల్లు గీకేసి, "నేనే తొందరపడ్డాను. దానిదేం లేదు" అనేది ఆవిడ. తప్పు నాది అనడం అంత తేలికని కోడలికి ఆ ఇంట్లోనే తెలిసింది. అదంత కష్టమని తెలిసిందీ ఆ ఇంట్లోనే. ఒకే రక్తం, ఒకే ముక్కు, ఒకే నడక. ఈ ఒక్క విద్య మాత్రం తల్లి నుంచి కొడుక్కి దిగలేదు.

ఈగల పెట్టెల్ని పూత ఉన్న చోటికల్లా మోసుకెళ్ళాలి. ఆ మోసేది చీకటి పడ్డాకే. పగలు పెట్టె కదిపితే, పనికెళ్ళిన ఈగలు సాయంత్రం తిరిగొచ్చి ఇల్లు లేక ఆ ఖాళీ జాగాలోనే గిరగిరా తిరిగి చస్తాయి. అందుకని పొద్దుగూకి, ఆఖరి ఈగ కూడా గూటికి చేరాక, పెట్టె వాకిలికి వలగుడ్డ బిగించి కార్లోకి ఎక్కించాలి. అంటే చీకట్లో కారు తోలలేనివాళ్ళు తేనెటీగల్ని పెంచలేరు. అంతే సంగతి.

ఆ ఏడు పొద్దుతిరుగుడు పూతకి ముందు, కాలవ మలుపు దగ్గర అత్తగారి కారు ముందు చక్రం రోడ్డు అంచు దాటి గోతిలో దిగింది. ఆవిడకి దెబ్బ తగల్లేదు. పెట్టెలు తాళ్ళతో బిగించి ఉన్నాయి కాబట్టి ఒక్కటీ ఒరగలేదు. కొడుకూ కోడలూ పరుగున వెళ్ళేసరికి ఆవిడ కారు వెనక తలుపు తీసుకుని, ఒక్కో పెట్టెకీ చెవి ఆనించి వింటోంది.

"ఏమైందమ్మా?" అన్నాడు కొడుకు.

"భయపడ్డాయి. సర్దుకుంటున్నాయిలే."

"నీకేమైందని అడుగుతున్నా."

"అంచు కనపడలేదురా. కొత్త కారు కదా, దీపాలు నీరసంగా ఉన్నట్టున్నాయి."

ఇన్‌స్పెక్టరుగారు కారు దీపాల వంక చూశాడు, తల్లి కళ్ళ వంక చూశాడు, ఆ చూపులోనే తీర్పు రాసేశాడు. మర్నాడు కళ్ళ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆవిడ అక్షరాలు చదివించి, కంట్లో లైటు వేసి, "శుక్లాలు తీసిన కళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయి. ఈ కళ్ళతో సూదిలో దారం ఎక్కించుకోవచ్చు" అంది.

"సూదిలో దారం పగలు కదా ఎక్కిస్తారు" అన్నాడు ఇంటికొచ్చి.

భోజనాల బల్ల దగ్గర అసలు మాట బయటపడింది. "అమ్మా, చీకటి పడ్డాక ఇక నువ్వు కారు తియ్యొద్దు."

"పగలు పెట్టెలు కదపకూడదు. చీకట్లో నేను కదలకూడదు. ఇక మిగిలిందేంటి నాన్నా, ఈగలకి నడక నేర్పడమా?"

కోడలు చారు గరిటె మూతికడ్డం పెట్టుకుంది.

"నేను నవ్వులాటకి అనటం లేదు."

"నేనూ అనటం లేదు" అంది అత్తగారు. గొంతు మారలేదు కానీ పళ్ళెంలో చెయ్యి ఆగింది. "ముందు దీపాలు మార్చు. ఏవి మంచివో నువ్వే చూడు, ఆ సంగతులు నాకంటే నీకే తెలుసు. కొత్త దీపాలతో కూడా నాకు దారి కనపడకపోతే తాళాలు నీ చేతిలో పెడతాను. ఈగల్ని ఆ పొద్దుతిరుగుడు చేలాయనకి ఇచ్చేస్తాను. ఎప్పట్నుంచో అడుగుతున్నాడు. మళ్ళీ ఆ ఊసెత్తను."

ఆవిడ ఊసెత్తనంటే ఎత్తదు. ఆ సంగతి బల్ల దగ్గరున్న ముగ్గురికీ తెలుసు. కోడలు అత్తగారి చేతుల వంక చూసింది. ఈగలు వెళ్ళిపోయాక ఆ చేతులు ఏం చేస్తాయి? బఠాణీలు ఒలుస్తాయా?

దీపాల ఎంపిక మొదలైంది. ఇన్‌స్పెక్టరుగారు చీపురు కొనాలన్నా పెళ్ళిసంబంధం వాకబు చేసినట్టు చేస్తాడు. ఇక తల్లి ప్రాణానికి సంబంధించిన దీపాలంటే చెప్పాలా. ఫోనులో చదివాడు, ఆఫీసులో అడిగాడు, ఎదురింటి డాక్టరు కారు ముందు గొంతుక్కూర్చుని దాని మొహంలో మొహం పెట్టి చూశాడు. డాక్టరు భార్య కిటికీలోంచి చూసి కోడలికి ఫోను చేసి, "ఆయనకి ఒంట్లో బానే ఉందా?" అని అడిగింది.

వారం తిరిగేసరికి సంబంధాలు రెండు మిగిలాయి. జెనాన్ ఒకటి, ఎల్ఈడీ ఒకటి.

"జెనాన్ అంటే గాజుబుడ్డిలో వాయువు నింపుతారు. లోపల కరెంటు రవ్వలా దూకితే అది వెలుగుతుంది. పూర్తి వెలుగు రావడానికి కాస్త సమయం పడుతుంది. ఎల్ఈడీ అంటే చిన్న చిన్న గింజల్లాంటివి. మీట నొక్కిన మరుక్షణం పూర్తిగా వెలుగుతాయి. కరెంటు తక్కువ తాగుతాయి, ఎక్కువ కాలం బతుకుతాయి" అని వివరించాడు.

"అంటే పిలవగానే లేచేది ఒకటి, దుప్పట్లో దొర్లి దొర్లి లేచేది ఒకటి" అంది అత్తగారు. "నా లాంటిదొకటి, నీ లాంటిదొకటి అన్నమాట."

"రంగు కూడా తేడా. జెనాన్ కాస్త వెచ్చగా, పాలల్లో చిటికెడు పసుపు వేసినట్టు ఉంటుంది. ఎల్ఈడీ తెల్లగా ఉంటుంది."

"అయితే నాకు పసుపుపాలే బాగున్నాయి. తెల్లదీపం ఆసుపత్రి గుర్తుకు తెస్తుంది."

"అమ్మా, నీకిది రుచి కాదు. భద్రత."

"మీరు ఎల్ఈడీ అని ముందే అనేసుకుని మమ్మల్ని అడుగుతున్నారా, అడిగాక అనుకుంటారా?" అంది కోడలు.

"నేను ఏదీ అనుకోలేదు. ఎల్ఈడీయే మంచిదని తేలుతోంది అంతే."

దీపాల దుకాణం ఊరి చివర పెద్ద రోడ్డు పక్కన ఉంది. లోపల గోడంతా కళ్ళే. రకరకాల కార్ల దీపాలు వరసగా వేలాడుతూ, వచ్చినవాళ్ళని రెప్పవాల్చకుండా చూస్తుంటాయి. దీపాలాయన నింపాది మనిషి. రెండు రకాలూ వెలిగించి చూపించాడు. ఏది మంచిదని అడిగితే, "తిండిలో ఏది మంచిదంటే ఏం చెప్తాం అన్నా, తినేవాళ్ళని బట్టి. రెండూ నేనే బిగించాను, రెండు రకాలవాళ్ళూ పండక్కి కూడా ఫోన్ చెయ్యరు. అంటే బాగున్నట్టే" అన్నాడు.

ఆ మాట ఇన్‌స్పెక్టరుగారికి సరిపోలేదు. వెనక్కి తిరిగి తల్లిని చూశాడు. ఆవిడ జెనాన్ ముందు అరచెయ్యి పెట్టి, వేళ్ళ మధ్య నుంచి వచ్చే వెలుగు చూస్తూ, "ఇదే" అంటోంది. ఆయన ఎల్ఈడీ ముందు నిలబడి ఉన్నాడు. మొండి మొండి కలిస్తే రోడ్డు మూతపడుతుందని కోడలు కుర్చీ వెతుక్కుంది.

అప్పుడు ఇన్‌స్పెక్టరుగారికి ఒక ఆలోచన వచ్చింది. ఆ ఇంట్లో తప్ప ఇంకో ఇంట్లో పుట్టే ఆలోచన కాదది. "ఎడమ వైపు జెనాన్, కుడి వైపు ఎల్ఈడీ బిగించండి. ఒకే కారు, ఒకే దారి, ఒకే డ్రైవరు. పరీక్ష అంటే అలా ఉండాలి. మా షెడ్డు దారిలో, చేలగట్ల మీద తిప్పి చూసుకుంటాం. తేలాక రెండోది తెచ్చి మార్పించుకుంటాం."

దీపాలాయన స్క్రూడ్రైవరుతో తల గోక్కున్నాడు. "అన్నా, ఇన్నేళ్ళలో ఒక కాలికి చెప్పు, ఒక కాలికి బూటు అడిగినవాళ్ళు లేరు."

"నీ దుకాణంలో మావాడున్నాడుగా ఇప్పుడు" అంది అత్తగారు సరదాగా. పరీక్ష అనగానే ఆవిడ మొహం వెలిగింది. కొడుకు ఎంత పిడివాదమైనా తన దీపానికీ సమానంగా చోటిచ్చాడు కదా. కోడలికీ ఆ క్షణంలో మొగుడు ముద్దొచ్చాడు. ఆయన మొండితనంలో అన్యాయం ఉండదు. అదే ఆమె గోడు కూడా.

దీపాలాయన సాయంత్రం దాకా కూర్చుని రెండూ బిగించాడు. కారుని తన గోడ ముందు నిలబెట్టి, వెలుగు అంచులు రెండూ ఒకే ఎత్తులో పడేలా సరిచేశాడు. "ఖాళీ బండికి పెట్టానన్నా. పాతవాటికి ఉన్న తీగలన్నీ వీటికీ కలిపేశాను, ఏదీ వదల్లేదు" అని చెప్పి పంపించాడు.

ఆ సాయంత్రం నుంచీ షెడ్డు ముందు తిరునాళ్ళే. కారు ఒక కంట పాలు, ఒక కంట పసుపుపాలు పోస్తూ నిలబడేది. ఇన్‌స్పెక్టరుగారు దాన్ని షెడ్డు గోడకి ఎదురుగా ఒకే చోట ఆపి, గోడ మీద వెలుగు ఎక్కడిదాకా వచ్చిందో సుద్దముక్కతో గీత గీశాడు. గీత కింద తేదీ కూడా వేశాడు. కోడలు ఇనప గేటు తీయడానికి ముందు నడిచేది. దీపాలు ఆమె మోకాళ్ళ దాకా వచ్చి ఆగేవి. మోకాలి ఎత్తున ఉన్న గేటు గడియ పట్టపగల్లా కనిపించేది. దాని మీది తుప్పు మచ్చలు కూడా లెక్కపెట్టొచ్చు.

అత్తగారు ఆ ఖాళీ కారుని గట్ల మీద తిప్పి వచ్చి, "రోడ్డు మీద చీమ కనపడింది. అది ఆడదో మగదో మాత్రం తెలీలేదు" అంది.

"ఏ దీపంలో?" అన్నాడు కొడుకు ఆత్రంగా.

"చీమ రోడ్డు మధ్యలో ఉంది నాన్నా. ఎవరి వాటాలోకి వస్తుందో నువ్వే తేల్చు."

ఇక పొద్దుతిరుగుడు చేలు పూతకొచ్చాయి. అసలు పరీక్ష ఆ సాయంత్రమే. ఆఖరి ఈగలు గూళ్ళకి చేరేదాకా అత్తగారు షెడ్డు ముందు స్టూలు మీద కూర్చుని చూసింది. చీకటి చిక్కబడ్డాక వాకిళ్ళకి వలగుడ్డలు బిగించింది. పెట్టెలన్నీ వెనక్కి ఎక్కాయి. మడవకుండా మిగిల్చిన సగం సీట్లో కోడలు ఇరుక్కుంది. ఆమె భుజానికానుకుని ఒక పెట్టె, దాని లోపల వేల గొంతులు ఒక్కటిగా గుసగుస. పక్కింటి సంసారం గోడకి చెవి పెట్టి విన్నట్టే ఉంది. ముందు ఇన్‌స్పెక్టరుగారు. స్టీరింగు దగ్గర అత్తగారు.

గేటు దగ్గర కోడలు దిగింది. ముందుకి నడిచి గడియ కోసం వంగితే గడియ లేదు. ఉంది కానీ చీకట్లో ఉంది. వెనక్కి తిరిగితే దీపాలు రెండూ సూటిగా ఆమె కళ్ళల్లో కొట్టాయి. ఆమె కళ్ళు మూసుకుని, తడుముకుని గేటు తీసింది. నిన్న మోకాళ్ళ దాకా వచ్చిన వెలుగు ఇవాళ మొహం మీదికొచ్చిందేమిటా అనుకుంటూనే మళ్ళీ పెట్టె పక్కన ఇరుక్కుంది.

రోడ్డెక్కిన కాసేపటికే కారు నెమ్మదించింది. ఇంకా నెమ్మదించింది. కాలవ మలుపు ఇంకా రాకముందే అత్తగారు పక్కకి తీసి ఆపేసింది.

"ఏమ్మా?"

ఆవిడ మామూలుగానే చెప్పింది. "చెట్ల కొమ్మలు బ్రహ్మాండంగా కనపడుతున్నాయి. గూళ్ళల్లో కాకులు కనపడుతున్నాయి. రోడ్డు అంచు మాత్రం కనపడటం లేదు. అదే చీకటి, ఆ రోజులాగే. ముందు మలుపుంది. వెనక ఇన్ని ప్రాణాలున్నాయి."

ఇంజను ఆపింది. తాళంచెవి తీసి, చీర కొంగుతో ఒకసారి తుడిచి, కొడుకు చేతిలో పెట్టింది. "అన్న మాట అన్న మాటే."

వాదించలేదు. దీపాల్ని తిట్టలేదు, కాలాన్ని తిట్టలేదు. ఇటువైపు దిగి, కారు చుట్టూ తిరిగి వచ్చి పక్క సీట్లో కూర్చుంది. మలుపు దాకా వెళ్ళి చూద్దాం అని ఒక్క క్షణం కూడా ఆశపడలేదు. అంత ఇష్టమైన పనిని అంత శుభ్రంగా వదిలేయడం చూసి కోడలికి కళ్ళు మండాయి. పెట్టెలో ఈగలు మాత్రం ఏమీ ఎరగనట్టు గుసగుసలాడుతూనే ఉన్నాయి.

కొడుకు కారు వెనక్కి తిప్పాడు. ఆయన మొహంలో గెలుపు లేదు. పాపం, ఆయనకి కావలసింది అది కాదు. కానీ తీర్పు తీర్పే. "కళ్ళే కదమ్మా. వయసుతో వచ్చేదే. డాక్టరు కూడా ఒక్కోసారి..." అంటూ సగంలో వదిలేశాడు.

వెనక సీట్లోంచి కోడలు ఆయన్ని చూసింది. నిటారుగా కూర్చుని కారు తోలే మనిషి ఇప్పుడు స్టీరింగు మీదికి ఒంగి, ముక్కు అద్దానికి ఆనించినంత పని చేస్తున్నాడు. కారు చీమలకి దారిస్తూ పోతున్నట్టుంది.

"మీకు కనపడుతోందా అండీ?" అంది.

"స్పష్టంగా కనపడుతోంది" అన్నాడు, రోడ్డు అంచు కోసం వెతుక్కుంటూ.

ఆమె గేటు దగ్గర మళ్ళీ దిగింది. మళ్ళీ గడియ చీకట్లో ఉంది. మళ్ళీ వెలుగు మొహం మీద కొట్టింది. ఈసారి ఆమె కళ్ళు మూసుకోలేదు. పక్కకి జరిగి కారుని తేరిపార చూసింది. వెనక భాగం బరువుకి కుంగిపోయి ఉంది. ముందు భాగం గడ్డం ఎత్తుకుని ఆకాశం చూస్తోంది. దీపాలు రెండూ మంచివే. జెనాన్‌దీ తప్పు కాదు, ఎల్ఈడీదీ తప్పు కాదు. రెండూ కలిసి నేల విడిచి సాము చేస్తున్నాయి.

చెప్పేయొచ్చు. కానీ ఆ మనిషికి చెప్తే వినడు, చూస్తే కాదనడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె సంపాదించుకున్న తెలివి అదొక్కటే.

"షెడ్డు గోడకి ఎదురుగా, మీరు రోజూ ఆపే చోటే ఆపండి. దీపాలు వేసే ఉంచండి, వెలుతురుంటుంది. అత్తయ్య కాసేపు కూర్చుంటారు. పెట్టెలు మనం దించుదాం" అంది.

ఆయన ఆపాడు. దిగి గోడ వంక చూడకుండానే వెనక్కి వెళ్ళాడు. ఒక పెట్టె ఎత్తి, ముందు నుంచి షెడ్డు లోపలికి మోసుకెళ్తూ ఆగిపోయాడు. ఆయన సుద్ద గీత కింద ఎక్కడో చీకట్లో ఉంది. వెలుగు అంచు గోడంతా దాటి, పైకప్పు చూరు పట్టుకుని వేలాడుతోంది.

"గీత జరిగింది" అన్నాడు.

"తేదీతో సహా జరిగిందాండీ?"

ఆయన పెట్టె దించి వచ్చి, రెండోది ఎత్తాడు. చూరు మీది వెలుగు కిందకి జానెడు జారింది. ఆయన ఆగి చూశాడు. మూడోది ఎత్తాడు. ఇంకాస్త దిగింది. ఆ తర్వాత ఆయనకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఒక్కో పెట్టె దించడం, గోడ వంక చూడటం. ఉద్యోగంలో బరువులు పెట్టీ తీసీ లిఫ్టుని పరీక్షించే మనిషి ఆయన. గోడ మీద వెలుగు అంతస్తు అంతస్తుగా దిగి, ఆఖరి పెట్టె దించేసరికి వచ్చి సరిగ్గా సుద్దగీత మీద నిలబడింది.

అత్తగారు పక్క సీట్లోంచి అంతా చూసింది. కిందకి దిగి, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని గోడ దగ్గరికి వెళ్ళి ఆ గీతని వేలితో తాకింది.

ఇన్‌స్పెక్టరుగారు డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. ఆయన చూపు స్టీరింగు పక్కన ఎడమ మూలకి వెళ్ళింది. అక్కడ నల్ల టేపు. కారు కొన్న రోజున ఆయన చేత్తోనే, మూలలు తీరుగా కత్తిరించి అంటించింది. గోటితో ఒక అంచు లేపి లాగాడు. కింద చిన్న చక్రం. దాని పక్కన వేలిగోరంత దీపం బొమ్మ, కిందకి చూస్తున్న బాణం గుర్తులు, అంకెలు.

కోడలు కిటికీలోంచి తొంగి చూసి ఏమీ అడగలేదు. అడక్కపోవడమే ఆవేళ ఆమె చేసిన పెద్ద పుణ్యం.

ఆయన దిగి, దించిన పెట్టెలన్నీ ఒక్కడే మళ్ళీ ఎక్కించాడు. వెలుగు మళ్ళీ చూరుకి ఎగబాకింది. సీట్లో కూర్చుని చక్రం తిప్పాడు. లోపలెక్కడో సన్నగా రొద వినిపించి, గోడ మీద వెలుగు అంచు, పైన ఆగిపోయిన లిఫ్టు బాగుపడి కదిలినట్టు, మెల్లగా, కుదుపు లేకుండా, నేలకి దిగింది. సుద్దగీత మీద ఆగింది.

"ఆపరా, దీపాలు తీసెయ్" అంది అత్తగారు ఉన్నట్టుండి. ఒక పెట్టెకి వలగుడ్డ ఒక మూల ఊడింది. వెలుతురుంటే ఈగలు బయటికి వచ్చేస్తాయి. ఆయన తీసేశాడు. ఆవిడ చీకట్లోనే, వేళ్ళతోనే చూసుకుంటూ మూల బిగించింది. "ఊఁ, వెయ్." వేశాడు. ఎల్ఈడీ ఠక్కున లేచింది. జెనాన్ నీలంగా కళ్ళు నులుముకుంటూ కాసేపటికి లేచింది. ఇంకో మూల వదులుగా ఉంది. "తియ్. ఊఁ, వెయ్." మళ్ళీ అదే వరస.

అత్తగారు నడుం మీద చేతులు పెట్టుకుని రెండు దీపాల్నీ చూసింది.

"జెనాన్ అన్నది నా పొరపాటురా నాన్నా" అంది. "నా పనిలో దీపం తియ్యడం, వెయ్యడం, తియ్యడం, వెయ్యడం. ఇది లేచేదాకా నేను గోడకానుకుని నిలబడాలి. రంగు చూసి ముచ్చటపడ్డాను కానీ పని చూసుకోలేదు. నువ్వు చెప్పిందే రైటు. రెండో పక్క కూడా నీ ఎల్ఈడీయే పెట్టించు."

అంత తేలిగ్గా అనేసింది, ముల్లు గీకేసినట్టు. ఆయన గెలిచాడు. వారాల తరబడి వాదించిన వాదం, ఇన్నాళ్ళకి తల్లి నోటనే. కానీ కోడలు ఎన్నిసార్లు చూసినా ఆయన మొహంలో ఆ గెలుపు ఎక్కడా కనపడలేదు. చేతిలో టేపు ముక్క వేలికి అంటుకుపోయి ఉంది. విదిలిస్తే ఇంకో వేలికి అంటుకుంటోంది.

"తొందరగా వెళ్తే పొద్దుతిరుగుడు చేలాయన పడుకోకముందే దించేయొచ్చు" అని, తాళంచెవి తల్లి వైపు చాచాడు. "నువ్వు తోలమ్మా."

అత్తగారు చెయ్యి చాపలేదు. కోపంగా కాదు, పెట్టె మూత తీసే ముందు నిలబడినట్టు నిలబడింది. "ఇందాక ఎందుకిచ్చానో చెప్పి ఇచ్చాను కదా. నువ్వూ ఎందుకు తిరిగిస్తున్నావో చెప్పి ఇవ్వు."

ఆయన భార్య వంక చూశాడు. ఆమె గోడ మీద సుద్దగీతలో ఏదో కొత్త విశేషం కనిపించినట్టు అటు తిరిగింది. ఆయన తాళంచెవిని అటూ ఇటూ తిప్పాడు. "అప్పటికున్న సమాచారం ప్రకారం..." అని మొదలుపెట్టాడు. అక్కడ ఆగిపోయాడు. పెట్టెల్లో ఈగలు మెల్లగా రొద పెడుతున్నాయి. ఎవరూ ఆయనకి సాయం రాలేదు.

"నీ కళ్ళు బాగున్నాయమ్మా" అన్నాడు చివరికి, తాళంచెవి వంకే చూస్తూ. "దీపాలూ బాగున్నాయి. ఆ చక్రం దేనికో తెలుసుకోకుండా టేపు వేసింది నేను. నీ పనికి అక్కర్లేదని అనుకున్నదీ నేనే. తప్పు నాది."